మాగ్నెటార్ పేలితే.. గామా ఒకటి చెబుతుంది, రేడియో ఇంకోటి చెబుతుంది! ఒక్క టెలిస్కోప్ ఎందుకు చాలదు?

2004 డిసెంబర్ 28. భారత్‌లో తెల్లవారుజామున 3 గంటలు. రెండు రోజుల కిందటి సునామీ నుంచి తీర ప్రాంతాలు ఇంకా తేరుకోలేదు. ఏ టీవీ పెట్టినా అవే దృశ్యాలు. సరిగ్గా ఆ టైంలో ఇంకో కెరటం భూమిని తాకి వెళ్లిపోయింది. ఎవరికీ కనిపించలేదు, ఎవరికీ వినిపించలేదు. ఎందుకంటే అది నీటి కెరటం కాదు. గామా కిరణాల కెరటం.

అంతరిక్షంలో ఉన్న ఉపగ్రహాలకు మాత్రం అది గట్టిగానే తెలిసింది. చాలా డిటెక్టర్లు ఒక్కసారిగా నిండిపోయి, ఎంత వెలుగు వచ్చిందో లెక్కపెట్టలేక మూగబోయాయి. అప్పుడు పగలు ఉన్న సగభాగంలో భూమి పైపొర అయానోస్ఫియర్ కూడా కుదుపుకు లోనైంది. ప్రధాన మెరుపు ఉన్నది 0.2 సెకన్లే. ఆ కాస్త సమయంలోనే సూర్యుడు లక్ష ఏళ్లలో ఇచ్చేదానికంటే ఎక్కువ శక్తి విడుదలైందని అప్పట్లో లెక్కగట్టారు.

ఆ మెరుపు వచ్చింది ధనుస్సు రాశి దిక్కున, పదుల వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎస్‌జీఆర్ 1806-20 అనే మాగ్నెటార్ నుంచి. ఆ ఒక్క పేలుడు గురించి శాస్త్రవేత్తలు 20 ఏళ్ల తర్వాత కూడా కొత్త విషయం బయటపెట్టారు. అదీ బంగారం గురించి! ఇంత ఆలస్యం ఎందుకైంది? జవాబు ఒక్కటే. మాగ్నెటార్ తన కథ మొత్తాన్ని ఒకే రకం వెలుగులో చెప్పదు.

అసలు మాగ్నెటార్ అంటే ఏంటి?

సూర్యుడి కంటే చాలా పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయాక సూపర్‌నోవాగా పేలిపోతుంది. మధ్యలో మిగిలిన గుండె నలిగిపోయి న్యూట్రాన్ నక్షత్రంగా మారుతుంది. బరువు సూర్యుడి కంటే ఎక్కువే. సైజు మాత్రం దాదాపు 20 కిలోమీటర్ల వెడల్పు. అంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల పట్టేస్తుంది. ఆ పదార్థం ఒక చెంచాడు తీసినా వంద కోట్ల టన్నులు దాటుతుంది.

ఇలాంటి న్యూట్రాన్ నక్షత్రాల్లో అయస్కాంత శక్తి విపరీతంగా ఉన్నవే మాగ్నెటార్లు. భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ దగ్గర ఉంటుంది. ఆస్పత్రిలో ఎంఆర్ఐ మెషీన్‌ది 15 వేల నుంచి 30 వేల గాస్. మాగ్నెటార్‌ది కోటి కోట్ల గాస్, కొన్నింటిలో అంతకు పది రెట్లు. ఎంఆర్ఐతో పోల్చినా వందల కోట్ల రెట్లు అన్నమాట.

ఈ క్షేత్రం నక్షత్రం లోపల మెలి తిరుగుతూ గట్టిగా ఉండే పైపెంకును లాగుతూ ఉంటుంది. పెంకు ఒత్తిడి తట్టుకోలేక పగిలినప్పుడు, లేదా మెలిపడిన క్షేత్రరేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. పెంకు పగలడాన్ని 'నక్షత్రకంపం' అంటారు. మన భూకంపం లాంటిదే, కానీ ఊహకు అందని స్థాయిలో.

ఈ ఆలోచనను 1992లో రాబర్ట్ డంకన్, క్రిస్టఫర్ థాంప్సన్ ప్రతిపాదించారు. 1998లో క్రిస్సా కువెలియోటు బృందం ఎస్‌జీఆర్ 1806-20 దాదాపు 7.5 సెకన్లకోసారి తిరుగుతోందని, ఆ వేగం క్రమంగా తగ్గుతోందని కొలిచింది. అంత వేగంగా బ్రేక్ పడాలంటే మాగ్నెటార్ స్థాయి అయస్కాంత క్షేత్రం ఉండాల్సిందే. దాంతో కాగితం మీద ఉన్న సిద్ధాంతానికి రుజువు దొరికింది. ఇప్పటివరకు తెలిసిన మాగ్నెటార్లు 30 దగ్గర మాత్రమే.

ఒకే పేలుడు.. నాలుగు కథలు

ఛాతీలో నొప్పి అని వెళ్తే డాక్టర్ ఒక్క ఈసీజీతో ఆపరు. ఎకో తీయమంటారు, రక్తపరీక్ష రాస్తారు, అవసరమైతే యాంజియోగ్రామ్ అంటారు. గుండె ఒక్కటే, కానీ ఒక్కో పరీక్ష ఒక్కో సంగతి చెబుతుంది. మాగ్నెటార్ విషయమూ అంతే. 2004 పేలుడే దీనికి మంచి ఉదాహరణ.

మొదటి కథ చెప్పింది గామా కిరణాలు. మెరుపు ఎంత బలమైనదో అవే చెప్పాలి. కానీ నేరుగా చూసిన పరికరాలు చాలావరకు నిండిపోయాయి కదా! ఇక్కడే చంద్రుడు పనికొచ్చాడు. రష్యాకు చెందిన కొరోనాస్-ఎఫ్ ఉపగ్రహం ఆ సమయంలో భూమి చాటున ఉంది. మాగ్నెటార్ దానికి నేరుగా కనిపించలేదు. చంద్రుడి మీద పడి వెనక్కి వచ్చిన గామా కిరణాలు మాత్రం కనిపించాయి. ఆ ప్రతిబింబం ఆధారంగా అసలు మెరుపు బలాన్ని లెక్కగట్టగలిగారు.

రెండో కథ చెప్పింది ఎక్స్‌ కిరణాలు. మెరుపు తర్వాత దాదాపు 6 నిమిషాల పాటు ఒక తోక లాంటి వెలుగు నడిచింది. నక్షత్రం తిరిగే కొద్దీ 7.5 సెకన్లకోసారి అది పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. ఆ వెలుగులో ఇంకా సన్నని వణుకులు కూడా దొరికాయి. సెకనుకు 90 సార్లకు పైగా వచ్చిన కంపనం వాటిలో ఒకటి. గంట కొట్టాక కాసేపు మోగినట్టు, నక్షత్రం మొత్తం మోగిందన్నమాట. ఆ మోత వింటే లోపలి పొరలు ఎలా ఉన్నాయో అంచనా వేయొచ్చు.

మూడో కథ రేడియో తరంగాలది. పేలుడు జరిగిన వారం రోజులకు అమెరికాలోని వీఎల్ఏ టెలిస్కోపులు అటు తిరిగితే, అక్కడ కొత్తగా ఒక రేడియో వెలుగు కనిపించింది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ కూడా ఆ వెలుగును తక్కువ ఫ్రీక్వెన్సీల్లో కొలిచింది. దాంతో తేలిందేంటంటే, ఆ పేలుడులో వెలుగు మాత్రమే కాదు, పదార్థం కూడా భారీ వేగంతో బయటికి ఎగిరింది. ఈ ముక్క మొదటి మెరుపు ఒక్కదాన్నే చూస్తే తెలిసేది కాదు.

నాలుగో కథ బయటపడటానికి 20 ఏళ్లు పట్టింది. ప్రధాన మెరుపు అయిపోయిన తర్వాత 10 నిమిషాలకు గరిష్ఠానికి చేరిన ఇంకో గామా వెలుగు పాత రికార్డుల్లోనే ఉండిపోయింది. అదేంటో అప్పట్లో ఎవరూ తేల్చలేకపోయారు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన అనిరుధ్ పటేల్ బృందం దాన్ని మళ్లీ తిరగేసింది. పెంకు నుంచి ఎగిరిన పదార్థంలో కొత్తగా బరువైన మూలకాలు పుట్టి, అవి విచ్ఛిన్నం అవుతూ ఇచ్చిన వెలుగే అదని 2025లో ప్రకటించింది. బంగారం, ప్లాటినం ఇలాంటి ప్రక్రియలోనే పుడతాయి. పాలపుంతలో ఇనుము కంటే బరువైన మూలకాల్లో 10 శాతం దాకా మాగ్నెటార్ మహా పేలుళ్ల నుంచే వచ్చి ఉండొచ్చని ఆ బృందం అంచనా.

ఒంటి మీద బంగారంలో కొంత భాగం ఇలాంటి ఏదో పాత పేలుడు నుంచి వచ్చి ఉండొచ్చు!

2020 ఏప్రిల్ 28: పెద్ద టెలిస్కోప్‌కి చిక్కలేదు, బకెట్ సైజు యాంటెన్నాకి చిక్కింది

మాగ్నెటార్ల చరిత్రలో రెండో పెద్ద మలుపు ఇది.

2007లో శాస్త్రవేత్తలు ఒక వింత సిగ్నల్ గురించి ప్రకటించారు. ఆకాశంలో ఎక్కడి నుంచో కొన్ని మిల్లీసెకన్ల పాటు మాత్రమే వచ్చి మాయమయ్యే బలమైన రేడియో మెరుపు అది. తర్వాత ఇలాంటివి చాలా దొరికాయి. వీటికి ఫాస్ట్ రేడియో బర్స్ట్‌లు అని పేరు పెట్టారు. కానీ అన్నీ వేరే గెలాక్సీల నుంచి, కోట్ల కాంతి సంవత్సరాల అవతలి నుంచి వచ్చినవే. అంత దూరంలో అసలు పేలింది ఏంటో తేల్చడం కష్టం. డజన్ల కొద్దీ సిద్ధాంతాలు వచ్చాయి. మాగ్నెటార్ల మీద అనుమానం ఉంది, సాక్ష్యమే లేదు.

2020 ఏప్రిల్ 27న ఎస్‌జీఆర్ 1935+2154 అనే మాగ్నెటార్ నిద్ర లేచింది. ఇది మన పాలపుంతలోనే ఉంది. నాసాకు చెందిన స్విఫ్ట్, ఫెర్మీ ఉపగ్రహాలు వరుసగా బర్స్ట్‌లు పట్టాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న నైసర్ టెలిస్కోప్ 20 నిమిషాల్లోనే 200కు పైగా ఎక్స్‌-రే బర్స్ట్‌లు లెక్కపెట్టింది.

చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ రేడియో టెలిస్కోప్ వెంటనే అటు తిరిగింది. అది చూస్తున్న సమయంలో మాగ్నెటార్ 29 సార్లు అధిక శక్తి మెరుపులు ఇచ్చింది. రేడియోలో మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. నిశ్శబ్దం! ఫాస్ట్ ఆ సెషన్ ముగించింది.

కొన్ని గంటలు గడిచాయి. భారత కాలమానం ప్రకారం ఏప్రిల్ 28 రాత్రి 8 గంటల 4 నిమిషాలకు అసలు మెరుపు వచ్చింది. అప్పుడు ఫాస్ట్ అటు చూడటం లేదు. కెనడాలోని చైమ్ టెలిస్కోప్ ప్రధాన చూపు కూడా అటు లేదు. కానీ మెరుపు ఎంత బలంగా ఉందంటే, చైమ్‌కి పక్క చూపులోనే దొరికిపోయింది. ఇంకో పక్క అమెరికాలోని స్టేర్‌-2 కూడా పట్టేసింది. ఇది భారీ టెలిస్కోప్ కాదు. మూడు చోట్ల పెట్టిన, పెద్ద బకెట్ సైజు యాంటెన్నాల ఏర్పాటు. అతి బలమైన మెరుపు ఎప్పుడైనా పాలపుంతలో వస్తుందేమోనని ఆకాశంలో పెద్ద భాగాన్ని ఒకేసారి చూస్తూ కూర్చుంది. వచ్చింది, పట్టింది.

అదే క్షణంలో ఎక్స్‌ కిరణాల్లో కూడా మెరుపు నమోదైంది. యూరప్‌కు చెందిన ఇంటెగ్రల్, చైనాకు చెందిన ఇన్‌సైట్-హెచ్ఎక్స్ఎంటీ, రష్యా పరికరం కోనస్-విండ్, ఇటలీకి చెందిన ఎజైల్ నాలుగూ దాన్ని చూశాయి. రేడియోలో రెండు శిఖరాలు, వాటి మధ్య దాదాపు 30 మిల్లీసెకన్ల తేడా. ఎక్స్‌ కిరణాల్లోనూ దానికి జతగా రెండు శిఖరాలు, దాదాపు అంతే తేడా! రెండూ ఒకే సంఘటన నుంచి వచ్చాయనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఫాస్ట్ రేడియో బర్స్ట్‌లలో కొన్నైనా మాగ్నెటార్ల నుంచే వస్తాయని ఆ రాత్రి తేలిపోయింది. రేడియో ఒక్కటే ఉంటే 'ఆ దిక్కు నుంచి ఏదో వచ్చింది' అనేవాళ్లు. ఎక్స్‌-రే ఒక్కటే ఉంటే 'మాగ్నెటార్‌కి ఇది మామూలే' అని వదిలేసేవాళ్లు. రెండూ కలిశాయి కాబట్టే కేసు తేలింది.

రేడియో ఎందుకు లేటుగా వస్తుంది?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెండు సిగ్నళ్లూ ఒకేసారి బయల్దేరినా భూమికి ఒకేసారి చేరవు.

నక్షత్రాల మధ్య ఖాళీ అనుకునే చోట కూడా పలచగా ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. గామా, ఎక్స్‌ కిరణాలు వాటిని పట్టించుకోకుండా దూసుకొస్తాయి. రేడియో తరంగాలు మాత్రం వాటి వల్ల కాస్త నెమ్మదిస్తాయి. ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువైతే అంత ఆలస్యం. ఏప్రిల్ 28 సిగ్నల్ 400 మెగాహెర్ట్జ్ దగ్గర 8 సెకన్లకు పైగా లేటుగా చేరింది. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గరైతే ఆలస్యం ఒక సెకను కంటే తక్కువే.

ఉరుము లేటుగా వినిపించిందని, మెరుపూ ఉరుమూ వేరువేరు చోట్ల పుట్టాయని ఎవరూ అనుకోరు కదా. ఆ ఆలస్యాన్ని లెక్కలో తీసేస్తేనే రెండు సిగ్నళ్లూ మిల్లీసెకన్ల తేడాతో సరిపోలాయి. పైగా ఆ ఆలస్యమే దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో కూడా చెబుతుంది.

మరి ఆ 29 మెరుపులకు రేడియో ఎందుకు రాలేదు?

ఇప్పుడు శాస్త్రవేత్తలను వెంటాడుతున్న అసలు ప్రశ్న ఇదే. మాగ్నెటార్లు వందల ఎక్స్‌-రే బర్స్ట్‌లు ఇస్తాయి. వాటిలో రేడియో మెరుపుతో కలిసి వచ్చేవి చాలా అరుదు.

2022 అక్టోబర్‌లో ఒక ఆధారం దొరికింది. అదే ఎస్‌జీఆర్ 1935+2154 మళ్లీ రేడియో మెరుపు ఇచ్చింది. ఈసారి నైసర్, న్యూస్టార్ అనే రెండు ఎక్స్‌-రే టెలిస్కోపులు ముందు నుంచే కాపు కాశాయి. రేడియో మెరుపుకు కొంచెం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నక్షత్రం తిరిగే వేగం ఉన్నట్టుండి పెరిగింది. ఈ రెండు కుదుపుల మధ్య తేడా దాదాపు 9 గంటలే. ఆ మధ్యలో మాత్రం వేగం మామూలు కంటే ఎన్నో రెట్లు త్వరగా పడిపోయింది. రేడియో మెరుపు వచ్చింది ఆ తొమ్మిది గంటల్లోనే. అంటే నక్షత్రం లోపల జరిగే కుదుపుకీ, బయట వచ్చే రేడియో మెరుపుకీ లింక్ ఉన్నట్టు కనిపిస్తోంది. ఒక్క రేడియో టెలిస్కోప్‌తో ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

టైం తేడాతో అడ్రస్ పట్టేస్తారు

గామా కిరణాలను అద్దంతో ఒకచోట చేర్చడం కుదరదు. కాబట్టి అవి ఏ దిక్కు నుంచి వచ్చాయో కచ్చితంగా చెప్పడం కష్టం. దీనికో ఉపాయం ఉంది. దూరదూరంగా ఉన్న అంతరిక్ష నౌకలు ఒకే మెరుపును ఎప్పుడెప్పుడు చూశాయో పోల్చడం.

1979 మార్చి 5న ఈ పద్ధతే పని చేసింది. సోవియట్ నౌకలు వెనెరా-11, వెనెరా-12 మొదట ఆ మెరుపు చూశాయి. 11 సెకన్ల తర్వాత సూర్యుడి చుట్టూ తిరుగుతున్న హీలియోస్-2, ఆ తర్వాత భూమి చుట్టూ ఉన్న ఉపగ్రహాలు. టైం తేడాలు లెక్కేస్తే, మన పక్క గెలాక్సీ పెద్ద మాగెల్లానిక్ మేఘంలోని ఒక సూపర్‌నోవా శిథిలం దగ్గరికి దారి చూపించింది.

2020 ఏప్రిల్ 15న అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మార్స్ ఒడిస్సీ ముందు చూసింది. భూమి వైపు ఉన్న విండ్ నౌకను మెరుపు చేరడానికి ఇంకో 6.6 నిమిషాలు పట్టింది. అడ్రస్ తేలింది: 1.14 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 253 గెలాక్సీ. మెరుపు ఉన్నది 0.14 సెకన్లే.

2023 నవంబర్ 15న ఇంటెగ్రల్ ఇంకా వేగంగా పని చేసింది. ఎం82 గెలాక్సీ దిక్కున మెరుపు చూసిన 13 సెకన్లకే ప్రపంచమంతా అలర్ట్ వెళ్లింది. తర్వాత అక్కడ ఎక్స్‌-రేలో గానీ, మామూలు కాంతిలో గానీ మిగులు వెలుగు కనిపించలేదు. గురుత్వ తరంగాలూ రాలేదు. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని ఉంటే ఇవి కనిపించే అవకాశం ఉండేది. లేవు కాబట్టి అది మాగ్నెటార్ పనేనని తేల్చారు. ఒక్కోసారి ఏమీ కనిపించకపోవడం కూడా సాక్ష్యమే.

ఏ వెలుగు ఏం చెబుతుంది? సింపుల్‌గా..

- గామా కిరణాలు: మెరుపు ఎంత బలమైంది, ఎంతసేపు ఉంది. ఆలస్యంగా వచ్చే గామా అయితే బరువైన మూలకాలు పుట్టాయా లేదా.
- ఎక్స్‌ కిరణాలు: నక్షత్రం తిరిగే వేగం, ఉపరితలం మీద వేడి మచ్చలు, పెంకు కుదుపులు. 2022లో ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం ఎక్స్‌-రే ధ్రువణాన్ని కొలిచినప్పుడు, 4యూ 0142+61 అనే మాగ్నెటార్‌కి వాతావరణం లేని గట్టి ఉపరితలం ఉండొచ్చని సూచన దొరికింది.
- కంటికి కనిపించే కాంతి, ఇన్‌ఫ్రారెడ్: మాగ్నెటార్లు ఇందులో చాలా మసక. మధ్యలో పాలపుంత ధూళి అడ్డం. అయినా కొన్నింటి చుట్టుపక్కల పరిసరాలు తెలుస్తాయి.
- రేడియో: మెరుపు పుట్టిన క్షణం, దారిలో ఉన్న ఎలక్ట్రాన్లు, ఎగిరిపోయిన పదార్థం.

మన దేశం పాత్ర ఏంటి?

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఇస్రో ఆస్ట్రోశాట్‌ను ప్రయోగించింది. దాని ప్రత్యేకతే ఇది: అతినీలలోహిత కాంతి, ఎక్స్‌ కిరణాలు రెండింటినీ ఒకే ఉపగ్రహం నుంచి ఒకేసారి చూడటం. ఎస్‌జీఆర్ జే1830-0645 అనే మాగ్నెటార్ నుంచి 67 పొట్టి బర్స్ట్‌లను ఆస్ట్రోశాట్ పట్టింది. సగటున ఒక్కోటి 33 మిల్లీసెకన్లు.

నేల మీద జీఎంఆర్‌టీ ఉంది. పుణె సమీపంలో 45 మీటర్ల డిష్‌లు 30 కలిసి పనిచేస్తాయి. ఎక్స్‌టీఈ జే1810-197 అనే మాగ్నెటార్ పదేళ్ల నిద్ర తర్వాత 2018 డిసెంబర్‌లో మళ్లీ రేడియోలో లేచినప్పుడు, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో దాని మెరుపులను ఇక్కడి నుంచి రికార్డు చేశారు.

తరచూ వచ్చే సందేహాలు

సునామీకి, 2004 మెరుపుకు సంబంధం ఉందా? లేదు. సునామీకి కారణమైన భూకంపం ముందు వచ్చింది. ఆ తర్వాత 44 గంటలకు పైగా గడిచాకే గామా మెరుపు భూమిని చేరింది. గామా కిరణాల కంటే ముందు చేరే సిగ్నల్ ఏదీ ఉండదు, ఎందుకంటే అవి కాంతి వేగంతోనే వస్తాయి.

భూమికి ప్రమాదమా? తెలిసిన మాగ్నెటార్లలో దగ్గరివి కూడా వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఉపగ్రహాల డిటెక్టర్లకు, అయానోస్ఫియర్‌కు కాసేపు ఇబ్బందే తప్ప మనుషులకు హాని లేదు.

మళ్లీ ఎప్పుడు? పాలపుంత, దాని పక్కనున్న గెలాక్సీల్లో కలిపి ఇంతవరకు చూసిన మహా పేలుళ్లు మూడే: 1979, 1998, 2004. ముందే చెప్పే మార్గం లేదు.

అందుకే అలర్ట్ వ్యవస్థలు 24 గంటలూ నడుస్తున్నాయి. ఆలస్యంగా వచ్చే గామా వెలుగు లాంటివాటిని పట్టేలా నాసా కోసీ అనే టెలిస్కోప్‌ను 2027లో పంపాలని ప్లాన్ చేసింది. 2004లో బంగారం జాడ కళ్ల ముందే ఉన్నా, గుర్తుపట్టడానికి 20 ఏళ్లు పట్టింది. తర్వాతి మెరుపు 0.2 సెకన్లలో వచ్చి వెళ్లిపోతుంది. ఆ టైంకి ఎన్ని కళ్లు అటు తెరిచి ఉంటాయన్నదే అసలు లెక్క.